సాగిన మొలకలు

చుస్త్, 2 మార్చి 1998

పిన్నికి మునిస సలాములు.

మీరూ, మీ గాజు గదుల్లో మొక్కలూ, మీ కింది అంతస్తు ముసలాయనా అందరూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే అత్తయ్య, నేను, కోళ్ళు. ఆయన గ్యాస్ బావుల దగ్గరే ఉన్నారు. ఏప్రిల్ చివరిదాకా సెలవు దొరకదట.

జనవరి అంతా ఉత్తరం రాయనందుకు కోప్పడకండి. జలుబు చేసింది. ఇప్పుడు తగ్గింది.

ఒక సంగతి చెప్పాలి. ఈసారి నవ్రూజ్‌కి మా వీధంతా కలిసి వండే పండగ తీపి, సుమలక్ కోసం గోధుమని మొలకెత్తించే పని అత్తయ్య నాకప్పగించారు. ముప్పై ఏళ్ళుగా ఆ పని ఆవిడదే. తడి చెయ్యి పెడితే కీళ్ళు బిగుసుకుంటున్నాయని చెప్పారు. నిజమో కాదో తెలియదు. నిన్న మా వీధి సబోహత్ ఆపా గుమ్మంలో నిలబడి, నాకు వినపడేలాగే అంది:

"ఇంకా పిల్లాజెల్లా లేని పిల్ల చేతికా, తోజిఖోన్ అక్కా?"

"గోధుమ నానబెట్టేది చేత్తో. చేతికి పిల్లలు పుడతారేమిటి?" అన్నారు అత్తయ్య.

సబోహత్ ఆపా నవ్వేసింది. నేను లోపలికి వచ్చేశాను. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

అత్తయ్య చెప్పిన పద్ధతి ఇది. చెక్క పళ్ళెంలో పరిచి, పైన తెల్లగుడ్డ కప్పాలి. పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లాలి. "మొలక సూదంత ఉండాలి, తెల్లగా. వేళ్ళు కంబళిలా అల్లుకోవాలి. పచ్చదనం కనపడిందో, రాత్రంతా డేగిసా దగ్గర కలిపినా అది చేదే. వీధి వీధంతా ఉమ్మేస్తుంది," అన్నారు. గోధుమని ఒంటరిగా వదలకూడదు కాబట్టి నేను ఆ గదిలోనే పడుకోవాలి. ఎండు ఆప్రికాట్లు దాచే ఉత్తరపు గది అది. గోడ ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి. దాని తాళంచెవి అత్తయ్య నడుముకే ఉంటుంది.

గోధుమ చల్లే మనిషిని బట్టి మొలుస్తుందని ఇక్కడ అందరూ నమ్ముతారు. చెయ్యి శుభ్రంగా లేకపోయినా, మనసులో మలినం ఉన్నా అది బయటపెట్టేస్తుందట. మీరు నవ్వుతారని తెలుసు. కాని ఇది బాగా మొలిస్తే నన్ను ఈ వీధి మనిషిగా చూస్తారు పిన్నీ. మొలవకపోతే ఏమవుతుందో ఆలోచించడం లేదు.

మీ మునిస

*

తాష్కెంట్, 7 మార్చి

మునిసా, నా పిరికి పిల్లా,

నీ ఉత్తరం అయిదు రోజులకి చేరింది. కనుమలో మంచు పడి దారి మూసేశారట. ఈ జవాబు చేరేసరికి నీ గోధుమ మొలిచి, రుబ్బి, ఉడికి, అందరి మూతులకీ అంటుకుని ఉంటుంది.

గోధుమకి నువ్వెవరో తెలియదు. దానికి తెలిసినవి నీళ్ళు, వెలుతురు, వేడి, చలి. ఇరవై ఏళ్ళుగా మొలకల పొడుగులు కొలుస్తూ బతుకుతున్నదాన్ని, నా మాట నమ్ము. నా చెయ్యి శుభ్రమైనదని మా డైరెక్టరు కూడా ఒప్పుకోడు. అయినా నా మొక్కలు మొలుస్తూనే ఉన్నాయి.

చేతికి పిల్లలు పుడతారా అందా మీ అత్తగారు? బాగానే అంది. కాని ఆవిడ నోట మంచి మాట రావడం ఇదే మొదలు. పెళ్ళినాడు నా టోపీ వంక చూసి "ఇది టోపీయా, పక్షి దిగిపోయిన గూడా?" అన్న మనిషి. మీ చుస్త్‌లో టోపీలు కుడతారని మిగతా దేశమంతా బోడి తలలతో తిరగాలా? నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

ఇక్కడ ట్రాములో నిలబడటానికి చోటు లేదు. కింది ముసలాయన మళ్ళీ పెళ్ళి ప్రస్తావన తెచ్చాడు. ఆయనకి ముల్లంగి నారు ఇచ్చి పంపించాను.

వెచ్చగా ఉండు. జలుబు నెల్లాళ్ళు ఉండటం ఏమిటి? నువ్వు సరిగ్గా తినడం లేదు.

నీ హురియత్ పిన్ని

*

చుస్త్, 12 మార్చి

పిన్నికి,

గోధుమ పాడయింది.

నాలుగో రోజు దాకా బాగానే ఉంది. తెల్లటి చుక్కల్లా తల ఎత్తాయి. అయిదో రోజు పొద్దున గుడ్డ కొంచెం పైకి లేచి కనపడింది. అత్తయ్యని పిలిచాను. ఆవిడ చూసి, గుడ్డ అంచు సర్ది వెళ్ళిపోయారు. ఆరో రోజుకి గుడ్డ గుడారంలా లేచింది. మొలకలు సన్నగా, పొడుగ్గా, దారాల్లా సాగి ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. గుడ్డ పక్కకి జారిన వైపు కొసలన్నీ పచ్చబడ్డాయి.

నిన్న ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. పళ్ళెం చుట్టూ నిలబడ్డారు. సబోహత్ ఆపా ఒక మొలక పీకి కొరికింది. అరచేతిలోకి ఉమ్మింది.

"ఎవరి చెయ్యి ఇది?" అంది.

ఎవరిదో ఆవిడకి తెలుసు. అయినా అడిగింది. అందరూ నా చేతుల వంక చూశారు. నేను వాటిని చున్నీ కింద పెట్టుకున్నాను. అలా పెట్టుకోకూడదని అప్పుడే అనిపించింది, కాని అప్పటికే పెట్టేసుకున్నాను.

అత్తయ్య ఒక్క మాట అనలేదు పిన్నీ. నన్ను వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. వాళ్ళు వెళ్ళాక పళ్ళెం తీసుకెళ్ళి కోళ్ళకి వేశారు. కోళ్ళు మాత్రం ఆనందంగా తిన్నాయి.

ఏం తప్పు చేశానో తెలియడం లేదు. ఆ గదిలో చలికి నిద్ర పట్టదని భయపడ్డాను కాని, రోజూ హాయిగానే పట్టేది. కోడి కూసినా మెలకువ వచ్చేది కాదు. నీళ్ళు చల్లడం ఆలస్యమైందేమో. లేకపోతే వాళ్ళన్నదే నిజమేమో. నాకు అలాగే అనిపిస్తోంది. ఎందుకని అడగకండి.

మునిస

*

తాష్కెంట్, 16 మార్చి

నా తల్లీ,

ముందు ఏడుపు ఆపి ఇది చదువు.

మనకి ఉక్కపోస్తే నీడకి పోతాం. మొక్కకి కాళ్ళు లేవు. అందుకని ఉన్నచోటే ఉండి తన ఒంటిని మార్చుకుంటుంది. కాడని సాగదీస్తుంది. ఆకుల్ని వేడి నేలకి దూరంగా పైకెత్తి, పలచగా, విడివిడిగా పెట్టుకుంటుంది, గాలి ఆడటానికి. నా దగ్గర చల్ల గదిలో మొలిచినవి పొట్టిగా, బలిసి, చాకలి బండలా కూర్చుంటాయి. అవే గింజలు వెచ్చటి గదిలో పెడితే మెడలు చాచి, ఎవరో పిలిచినట్టు నిలబడతాయి. అది జబ్బు కాదు, శాపం కాదు. దాని తెలివి అది. కాకపోతే గింజలోని తీపంతా ఆ పొడుగుకి ఖర్చయిపోతుంది. ఆపైన కొసకి వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. నీ సబోహత్ ఉమ్మింది అందుకే.

కాబట్టి నీ చేతికీ దీనికీ ఏ సంబంధం లేదు. ఆ గది వెచ్చగా ఉంది, అంతే. గోడ ముట్టుకుంటే జివ్వుమనే గదిలో నువ్వు కోడి కూసేదాకా హాయిగా పడుకున్నావంటే మరేమిటి అర్థం?

నిజం చెప్పు. నేనేమీ అనను. పుస్తకం పట్టుకుని కూర్చుని, వేళ్ళు కొంకర్లు పోతున్నాయని పొయ్యి రాజేశావు కదూ? చిన్నప్పుడు నా స్టవ్వు దగ్గర చదువుతూ జడ కాల్చుకున్న పిల్లవి నువ్వు. వెళ్ళి మీ అత్తగారితో "పొయ్యి వెలిగించాను, తెలియక చేశాను" అని చెప్పేయ్. రెండు మాటలు పడు. అపవిత్రమైన చెయ్యి అనిపించుకోవడం కంటే తెలివితక్కువ పిల్ల అనిపించుకోవడం నయం.

పిన్ని

*

చుస్త్, 20 మార్చి

పిన్నీ,

నేను పొయ్యి వెలిగించలేదు. మీరు కూడా నన్ను అనుమానిస్తారనుకోలేదు.

మీ ఉత్తరం చదివాక, ఆప్రికాట్లు తెస్తానని అత్తయ్యని తాళంచెవి అడిగి ఆ గదికి వెళ్ళాను. మూలన ఒక చిన్న ఇనప పొయ్యి ఉంది. మీద బుట్టలు పేర్చి ఉంటే అది పనిచేయదనుకున్నాను. బుట్టలు దించి పొయ్యి తలుపు తీశాను. అడుగున కొత్త బూడిద ఉంది. పక్కన పత్తి కట్టె ముక్కలు రెండు పడి ఉన్నాయి. మా ఇంట్లో పత్తి కట్టె మోపు కట్టి ఉండేది అత్తయ్య గదిలో.

నేను నిద్రపోయాక ఆవిడ వచ్చి బుట్టలు దించి వెలిగించి, తెల్లవారేలోగా ఆర్పి మళ్ళీ పేర్చేసేవారు. ఇంకెవరి దగ్గరా తాళంచెవి లేదు. వేడికి గోధుమ ఏమవుతుందో ఆవిడకి తెలియకపోవడమేమిటి? ముప్పై ఏళ్ళు.

అడగాలనుకున్నాను. రొట్టెలు కాలుస్తుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆవిడ నా ముఖం చూసి, "నిలబడకు, కూర్చో. నడుముకి మంచిది కాదు," అన్నారు. అంతే, కూర్చుని పిండి అందించాను.

సబోహత్ ఆపా మళ్ళీ గోధుమ నానబెట్టింది. రేపు రాత్రి వాళ్ళ వాకిట్లో సుమలక్. అందరూ వంతులవారీగా తెడ్డు తిప్పుతారు. నన్ను రావద్దని ఎవరూ అనలేదు. కప్పులు కడగమన్నారు, ఇంట్లో ఉండి.

నన్ను కొన్నాళ్ళు తీసుకెళ్ళండి పిన్నీ. ఎవరైనా అడిగితే మీకు ఒంట్లో బాగాలేదని చెబుతాను. వీధిలోకి వెళ్ళాలంటే గోడ వారగా నడుస్తున్నాను. అత్తయ్యకి నేనంటే ఇంత అయిష్టం ఉందని తెలియక నేను ఆవిడ జోళ్ళు కూడా రోజూ తుడిచి పెట్టాను.

మునిస

*

తాష్కెంట్, 25 మార్చి

మునిసా,

నిన్ను అనుమానించినందుకు నా నాలుక తెగ్గోయాలి. ముందుగా ఆ మాట రాస్తేగాని ఇంకేమీ రాయలేను.

ఆ ముసలి మంత్రగత్తె! పదిమందిలో గౌరవం ఇచ్చినట్టు ఇచ్చి, నిన్ను నిద్రపుచ్చి, నీ పక్కనే నిప్పు పెట్టిందన్నమాట. తన పెద్దరికం కోడలికి పోతుందని ఏడుపు. "చూశారా, నేను తప్ప ఇంకెవరూ చెయ్యలేరు" అనిపించుకోవడానికి. టోపీ మాట అన్ననాడే నాకు ఆవిడ తెలుసు. నీకు చెప్పలేదు, పెళ్ళయ్యాక చెప్పి ఏం లాభమని. మా అక్క నిన్ను నా చేతిలో పెట్టి పోయింది ఇందుకా?

ఏప్రిల్ అయిదు, ఆదివారం వస్తున్నాను. నీ బట్టలు సర్దుకో, పుస్తకాలు కూడా. కొన్నాళ్ళు కాదు, ఆ అబ్బాయి వచ్చి మాట్లాడేదాకా నా దగ్గరే ఉంటావు.

ఈలోగా రెండు కుండీలు పంపిస్తున్నాను. విత్తనాల లారీ నడిపే పోలాత్ నమంగాన్ వెళ్తూ ఇస్తాడు. రెండింట్లోనూ గోధుమే, ఒకే సంచిలోది, ఒకే కుళాయి నీళ్ళు, చల్లిన చెయ్యి నాది. ఒకటి చల్ల గదిలో మొలిచింది, ఒకటి వెచ్చటి గదిలో. ఏది ఏదో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఆ ఆడవాళ్ళందరి ముందూ పెట్టు. నీకు నోరు రాదని నాకు తెలుసు కాబట్టి చెప్పాల్సింది పోలాత్‌కి బట్టీ పట్టించాను. వాడి నోటికి హ్యాండ్ బ్రేకు లేదు.

నీ పిన్ని

*

చుస్త్, 2 ఏప్రిల్

పిన్నీ,

పోలాత్ అన్న ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. ఇది తిరిగి తాష్కెంట్ వెళ్ళేటప్పుడు మీ చేతికిస్తానన్నాడు. అందుకని త్వరగా రాస్తున్నాను. ఇది మీరు బయలుదేరేలోపు చదవాలి.

మొన్న అతను వచ్చేసరికి మా వాకిట్లో ఆడవాళ్ళంతా ఉన్నారు. మా వీధి ఆఖరి సుమలక్ వండటానికి డేగిసా తోముతున్నారు. నేను నీళ్ళు మోస్తున్నాను. అతను లారీ ఇంజను ఆపకుండానే రెండు చంకల్లో రెండు కుండీలతో లోపలికి వచ్చాడు.

"తాష్కెంట్ నుంచి గడ్డి తెచ్చానమ్మా!"

"చుస్త్‌లో గడ్డి కరువొచ్చిందా నాయనా?" అంది సబోహత్ ఆపా.

అందరూ నవ్వారు. అతను కుండీలు నేల మీద పెట్టి, మీరు నేర్పినదంతా అప్పజెప్పాడు. నవ్వు ఆగిపోయింది. పొట్టి మొలకలు, పొడుగు మొలకలు పక్కపక్కనే. సబోహత్ ఆపా గొంతుక్కూర్చుని రెండూ నిమిరి చూసింది. "అచ్చం ఆ రోజు మనం చూసినట్టే," అంది. పోలాత్ అన్న ఆఖరి వాక్యం కూడా మరిచిపోలేదు. "కాబట్టి ఎవరో పొయ్యి వెలిగించారు. ఎవరో అడగండి."

అందరూ అత్తయ్య నడుముకున్న తాళంచెవి వంక చూశారు.

"తోజిఖోన్ అక్కా, పొయ్యి వెలిగిస్తే ఏమవుతుందో మాకందరికీ నేర్పింది మీరే గదా?" అంది సబోహత్ ఆపా. గొంతులో వెటకారం లేదు. అది ఇంకా ఘోరంగా ఉంది.

అత్తయ్య ముఖం ఎర్రబడింది. నా వంక చూశారు. అడుగుతున్నట్టు చూశారు, పిన్నీ. చెప్పనా అని.

అప్పుడు నాకు అర్థమైంది.

జనవరిలో నాకు వచ్చింది జలుబు కాదు. మూడో నెలలో కడుపు పోయింది. పెరట్లో మంచు మీద. అత్తయ్య ఒక్కరే చూశారు. ఎవరికీ చెప్పొద్దని ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను. వీధికి, ఆయనకి, మీకు కూడా. నాకు సిగ్గుగా ఉంది, ఒళ్ళేదో తప్పు చేసినట్టు. ఆవిడ సరేనన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నెల తిరిగాక గోధుమ నా చేతికిచ్చారు.

ఆవిడ పొయ్యి వెలిగించింది నాకు చలి తగలకూడదని. గోధుమ దగ్గర పడుకోను అంటే ఎందుకని అడుగుతారు. అందుకని పడుకోనిచ్చారు, నిద్రపోయాక వచ్చి పత్తి కట్టె వేశారు. నాకిచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే నోరు మూసుకోవాలి. అందుకే నా చేతుల్ని అందరూ చూస్తున్నా ఆవిడ మాట్లాడలేదు. మొన్న తన ముఖాన్ని చూస్తున్నా మాట్లాడలేదు. నేను ఇంకో క్షణం ఊరుకుంటే ఊరుకునేవారే.

నేను చెప్పాను. లారీ శబ్దంలో ఎవరికీ వినపడలేదు.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు," అన్నారెవరో.

రెండోసారి చెప్పాల్సి వచ్చింది. "నాకు బిడ్డ పోయింది. అత్తయ్య నాకోసం వెలిగించారు." పోలాత్ అన్న టైరు చూసుకోవాలంటూ గబగబా బయటికి వెళ్ళిపోయాడు. నేను నేల వంకే చూస్తూ నిలబడ్డాను.

"ఎన్నో నెల?" అంది సబోహత్ ఆపా.

"మూడు."

ఆవిడ నా చేతిలో బిందె తీసుకుని తను నీళ్ళు తోడటానికి వెళ్ళింది. తిరిగొచ్చి, డేగిసా తోముతూ, ఎవరి వంకా చూడకుండా, "బజారువీధి వాళ్ళకి కూడా వచ్చే వారం వండాలట. గోధుమ సంచి సాయంత్రం పంపిస్తాను. ఈ పిల్లనే నానబెట్టమనండి," అంది.

రాత్రి అత్తయ్యని అడిగాను, గోధుమ పాడవుతుందని తెలుసు కదా అని.

"తెలుసు," అన్నారు. "గోధుమదేముంది, మళ్ళీ నానబెట్టుకోవచ్చు." తర్వాత, "ఆ రోజు సబోహత్ అలా అడుగుతుందనుకోలేదు. వాళ్ళు నన్నంటారనుకున్నాను. తప్పు లెక్క వేశాను," అన్నారు. నా వైపు తిరగలేదు.

సంచి ఇప్పుడు గుమ్మంలో ఉంది. రేపు నానబెడతాను.

మీరు రాసిన ఉత్తరాలు, నేను రాసినవి, అన్నీ గుర్తొస్తున్నాయి. మంత్రగత్తె అని మీరు రాస్తే నేను ఆ పేజీని రెండుసార్లు చదివాను. నాకు ఊరటగా అనిపించింది కూడా. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేను, మీకు తప్ప.

బట్టలు సర్దలేదు. తీసుకెళ్ళడానికి రాకండి. కాని పోలాత్ అన్న ఆ నోటితోనే, మీరు ఆదివారం వస్తున్నారని కూడా చెప్పేశాడు. ఎందుకు వస్తున్నారో చెప్పలేదు. అప్పటినుంచి అత్తయ్య ఇల్లంతా సున్నం వేయిస్తున్నారు. మీ తల కొలత ఎంతని నిన్న అడిగారు. నాకు తెలియదన్నాను. అయితే అందాజుగా కుడతానని దీపం దగ్గరికి జరిగి సూదిలో దారం ఎక్కించుకుంటున్నారు. నల్లగుడ్డ మీద తెల్ల మిరపకాయల కుట్టుపని. ఆ కీళ్ళతో నిన్నటినుంచి ఒక్క మిరపకాయ కూడా పూర్తి కాలేదు. పెళ్ళిలో మిమ్మల్ని నొప్పించానని ఆవిడకి తెలుసట.

రండి పిన్నీ. ఆవిడ ఆ టోపీ మీ తల మీద పెట్టేటప్పుడు ఎక్కడ చూడాలో నాకు తెలియడం లేదు. మీకు తెలిస్తే నాకూ చెప్పండి.

మునిస